నాలుగు వేళ్ళ కొరత

పడమటి మండలేశుని సైన్యం బొల్లికొండ దుర్గాన్ని చుట్టుముట్టి ఆనాటికి అయిదు నెలలు. కొండ పాదం మొదలు ఏటి ఒడ్డు వరకు, నిరుడు జొన్నచేలు ఊగిన నేల మీద, వరుసలు తీరిన గుడారాలు, గుడారాల నడుమ వంటపొగలు, పొగల వెనుక నల్లగా కదిలే ఏనుగులు; కోటగోడ మీద ఏ దిక్కున నిలిచి చూచినా అదే దృశ్యం. వైశాఖపు ఎండకు రాళ్ళు పెనం కాలినట్లు కాలుతున్నాయి. ఏడు బావులలో నాలుగు ఎండిపోయాయి. నాలుగు వేల మంది జనానికి ఇల్లు దాటితే కోటగోడ, వీధి దాటితే కోటగోడ. పైనుంచి వచ్చే చుట్టాలు రెండే రకాలు, శత్రువులు విసిరే రాళ్ళు, ఆకాశంలో తిరిగే గద్దలు. ఆ గద్దలు కూడా ఒకసారి కిందికి తొంగిచూచి తమ దారిన తాము పోయేవి, లోపల మిగిలిందేమీ లేదని వాటికీ తెలిసిపోయినట్లుంది.

అటువంటి నిర్బంధంలో జనానికి మిగిలిన ధైర్యం ఒక్కటే, పున్నమినాటి కోటచుట్టు. బొల్లికొండను ఏలేవారు ఎవరైనా సరే, ప్రతి పున్నమి ఉదయమూ రెండు గుఱ్ఱాల తేరెక్కి లోకోట గోడ వెంట ఏడు వాకిళ్ళ మీదుగా ఒక చుట్టు తిరిగి రావాలి. తమ ఏలిక బతికే ఉన్నదని ప్రజలు కళ్ళారా చూచుకోవాలి. ఆనాడు గుఱ్ఱాల మూతులకు చిక్కం కట్టకూడదు. రెండింటి తలలూ దగ్గరికి రాకుండా కళ్ళేల మధ్య కట్టే ఎడకర్ర కూడా ఉండకూడదు. నోరు కట్టిన గుఱ్ఱాల వెనుక కూర్చున్న రాజును నమ్మరాదని ఆ కోటవారి తాతలనాటి పట్టుదల.

గుఱ్ఱాల తలల దగ్గర నడుస్తూ పట్టే ఆ తేరు పగ్గాలు ముప్ఫై ఎనిమిదేళ్ళుగా దోనయ సాహిణి చేతిలో ఉన్నాయి. సాహిణి అంటే రాజుగారి లాయానికి పెద్ద. దోనయకు అరవై దాటాయి. మాట తక్కువ, రోషం ఎక్కువ. కుడిచేతి చిటికెనవేలు సగానికి సగం లేదు, పడుచుతనంలో ఒక ఆడగుఱ్ఱం కొరికి ఉమ్మేసింది. కాబట్టి గుఱ్ఱప్పళ్ళ సంగతి అతనికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఇంకొక ఆచారం కూడా ఇక్కడే చెప్పాలి. ఆ కోటలో తేరు సామాను కొలవడానికి మూరకర్ర పనికిరాదు, సాహిణి జానే కొలత. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా. ఆ కొలత తప్పిన సాహిణికి జాన ఎక్కడ మొదలవుతుందో ఆ బొటనవేలినే తీసేస్తారు, పగ్గాలూ తీసుకుంటారు. శాసనం రాతి మీద ఉంది కాని, అది అమలైన రోజును చూచినవారు లేరు.

ఆ వైశాఖ పున్నమినాడు తేరు మొదటి వాకిలి దాటిందో లేదో, గుఱ్ఱాల నడుమ ఉండే నొగకు ఎడమవైపు కట్టిన గోరింట అనే ఎర్రగుఱ్ఱం చెవులు వెనక్కి పెట్టి, మెడ వంచి, కుడివైపున్న మబ్బు అనే బూడిదరంగు గుఱ్ఱాన్ని మెడ మీద పట్టి కరిచింది. మబ్బు కీచుమని అరిచి పక్కకు దూకింది. తేరు ఒరిగింది. లోపల కూర్చున్న మహారాణి సబ్బలదేవి స్తంభం పట్టుకొని నిలదొక్కుకున్నది. మబ్బు వీపున కప్పిన తెల్లని ముఖమల్ గుడ్డ మీద నెత్తురు ధారకట్టడం వేయిమంది చూచారు. ఆరేళ్ళుగా ఒకే నొగకు నడిచిన జోడీ అది. దోనయకు తల తీసేసినట్లయింది.

అది చాలు నామన ప్రెగ్గడకు. ప్రెగ్గడ అంటే మంత్రి. ఆయన గొంతు ఎన్నడూ పెరగదు, మాట ఎన్నడూ తడబడదు, మనిషి ఎంత దగ్గరగా వచ్చి నిలిచాడో మనకు ఊపిరాడనప్పుడు గాని తెలియదు. ఆ మధ్యాహ్నమే నిండు కొలువులో ఆయన లేచి చేతులు జోడించాడు.

"దేవీ! తేరు అంటే రాజ్యం. దానిని లాగే రెండు గుఱ్ఱాలు రెండు బలాలు, ఒకటి సింహాసనం ఆజ్ఞ, రెండవది దండనాయకుని కత్తి. నేడు ఎర్రగుఱ్ఱం తన జోడును ప్రజలందరి ఎదుట కరిచింది. ఎర్ర పతాకం ఎవరిదో నేను చెప్పను, సభవారికి కళ్ళున్నవి. పడమటి మండలేశుడు ఈ ఉదయమే లేఖ పంపినాడు. అతనికి మన కోట అక్కరలేదట, మన ధాన్యం అక్కరలేదట. తన తమ్ముని యుద్ధంలో చంపిన కేతినాయకుని ఒక్కనిని పదో నాటిలోగా పడమటి వాకిలి వెంట పంపితే ముట్టడి ఎత్తి వెళ్ళిపోతాడట. ఒక మనిషి, నాలుగు వేల ప్రాణాలు. శకునం కూడా ఆ మాటే చెప్పుచున్నది. ఆపైన దేవి చిత్తం."

దండనాయకుడు కేతినాయకుడు నిప్పులాంటి మనిషి. అయిదు నెలలుగా కోట నిలిచిందంటే అతని వల్లనే. కాని నోటికి కళ్ళెం లేదు. "ఓరి ప్రెగ్గడా! శత్రువు లేఖ నీ ఇంటికే ఎందుకు వచ్చిందో ముందు అది చెప్పు!" అంటూ ఒక్క అంగలో మంత్రి మీదికి వచ్చాడు. కత్తి సగం ఒరలోంచి బయటికి వచ్చింది. బురుజులు కాచే నాయకులందరూ లేచి నిలబడ్డారు. ప్రెగ్గడ మాత్రం తల వంచి, చూచారా అన్నట్లు మహారాణి వైపు ఒక్క చూపు చూచి, కూర్చున్నాడు.

సబ్బలదేవికి ఇరవై నాలుగేళ్ళు. తండ్రి పోయి రెండేళ్ళే అయింది. కేతినాయకుని పంపడం ఆమెకు ఇష్టం లేదని ముఖం చూచినవారికెవరికైనా తెలుస్తుంది. కాని నాయకులలో సగం మంది కళ్ళలో శకునభయం పడింది. వారు విడిపోతే ఆ సాయంత్రానికే కోట పోతుంది. ఆమె తలెత్తి సభ వైపు తిరిగింది.

"శకునం ఒక్కసారి చూచి మనిషిని చంపుకోను. నేటికి పదో నాడు, మండలేశుని గడువు తీరే ఉదయం, అవే గుఱ్ఱాలతో తేరు మళ్ళీ తిరుగుతుంది. జోడీ కరుచుకోకుండా చుట్టు పూర్తయితే దండనాయకుని మాట ఈ కోటలో ఎవరూ ఎత్తరాదు. కరిస్తే..."

కేతినాయకుడు కత్తి ఒరలో పెట్టి మోకరిల్లాడు. "కరిస్తే పడమటి వాకిలి తీయించండి దేవీ. ఎవరూ తోయనక్కరలేదు, నా కాళ్ళతో నేనే పోతాను."

సభ చివరి స్తంభం పక్కన నిలబడి దోనయ ఇదంతా విన్నాడు. ఒక మహావీరుని ప్రాణం తెచ్చి రెండు గుఱ్ఱాల పళ్ళ మధ్య పెట్టారు. ఆ పళ్ళ బాధ్యత తనది.

మర్నాడు తెల్లవారగానే పని మొదలుపెట్టాడు. రెండు గుఱ్ఱాలనూ దూరదూరంగా కట్టాడు. గడ్డి వేరువేరుగా వేశాడు. గోరింట దవడలు చేత్తో తెరిచి, పుచ్చుపన్ను ఉందేమోనని వెతికాడు, లేదు. కళ్ళకు పక్కగంతలు కట్టి నడిపించాడు. గోరింటను కుడివైపుకి, మబ్బును ఎడమవైపుకి మార్చి చూచాడు. కొత్త పక్క అలవాటు లేక రెండూ ముందుకే కదలలేదు. చిక్కం కడితే, ఎడకర్ర పెడితే, రెండూ బుద్ధిమంతుల్లా నడుస్తాయి. ఆ రెండూ తీస్తే ఇరవై అడుగులు కూడా గడవవు, గోరింట చెవులు వెనక్కి పడతాయి, మెడ పాములా తిరుగుతుంది. వింత ఏమిటంటే, తేరు విప్పి ఊరికే పక్కపక్కన నడిపిస్తే ఏ గొడవా లేదు.

మూడో నాడు కేతినాయకుడే లాయానికి వచ్చాడు. చేతిలో చిన్న మూట, తన వంతు ఉలవలు. అతనికి మొట్టమొదట గుఱ్ఱమెక్కడం నేర్పింది దోనయే.

"నిన్నేమీ అడగడానికి రాలేదు సాహిణీ. గోరింటను కొట్టావని విన్నాను."

"ఒక్క దెబ్బ కొట్టానయ్యా. చేయి ఆగలేదు."

"ఇక కొట్టకు. కరిచేవాణ్ణి అందరూ కొడతారు. నాకు తెలుసు ఆ సంగతి," అని నవ్వి మూట తొట్టిలో కుమ్మరించి వెళ్ళిపోయాడు.

అయిదో నాడు ఉదయం ఎడకర్ర తీసి మళ్ళీ తేరు కట్టాడు. సాయానికి లాయపు మనుషులెవరూ లేరు, అందరూ గోడ మీద కాపలాకి పోయారు. అందుకని భార్య బాచమ్మను పిలిచి, తేరు వెనక నడుస్తూ చక్రం రాయికి తగిలితే కేకెయ్యమన్నాడు. తాను ఎప్పటిలాగే గుఱ్ఱాల తలల దగ్గర నడిచాడు, కళ్ళు గోరింట మూతి మీద పెట్టి. ఇరవై అడుగులు. చెవులు పడ్డాయి. పళ్ళు మెరిశాయి. దోనయ కళ్ళెం పట్టి లాగాడు.

"ఛీ! దొంగముండాకొడుకా!"

వెనకనుంచి బాచమ్మ అంది, "దాన్నెందుకయ్యా తిడతావు? ముందు తోసింది ఆ బూడిదది గదా."

"ఏది తోసింది?"

"నువ్వు మూతి దగ్గరే నిలబడితే నీకేం కనపడుద్ది? ఇటొచ్చి చూడు. మబ్బుగాడు పిర్ర తెచ్చి నొగమీద ఆనిస్తా ఉండాడు. ఆ నొగేమో పోయి ఎర్రదాన్ని డొక్కలో నలిపేస్తా ఉండాది. నేనూ మా తోటికోడలూ ఒక రోట్లో దంచేటప్పుడు ఆవిడ ఇట్టాగే మీద పడేది. నేనూ కరిచేదాన్నే, సిగ్గుపడి ఊరుకున్నా."

ముప్ఫై ఎనిమిదేళ్ళలో దోనయ తేరును వెనకనుంచి చూచింది లేదు. పగ్గాలు ఆమెకిచ్చి వెనక్కి వెళ్ళాడు. ఆమె నడిపించింది. నిజమే. మబ్బు తిన్నగా నడవడం లేదు. తల కుడివైపుకి, వెనకభాగం ఎడమవైపుకి. ప్రతి అడుక్కీ నొగను గోరింట డొక్కకేసి నొక్కుతోంది. గోరింట ఓర్చుకుంటోంది, ఓర్చుకుంటోంది, ఇక ఓర్చుకోలేక అందిన చోట కరుస్తోంది.

దోనయ మబ్బు ఱొమ్ముపట్టె విప్పాడు. కుడిభుజం మీద అరచేయంత మేర వెంట్రుకలు లేచిపోయి చర్మం పచ్చిగా ఉంది. ఆ మచ్చ అతనెరుగనిది కాదు. ఇరుకు లాయంలో రాతిగోడకు రాసుకుందనుకున్నాడు. ఇప్పుడు మబ్బును తేరుకు కట్టే లాగుతాళ్ళు రెండూ విప్పి నేలమీద పక్కపక్కన పరిచాడు. బయటివైపు తాడు లోపలివైపు తాడుకంటే నాలుగు వేళ్ళు తక్కువ. బరువంతా ఆ కుడిభుజం మీదే పడుతోంది. నొప్పినుంచి తప్పుకోవడానికి మబ్బు లోపలికి ఒరుగుతోంది.

ఆ తాళ్ళు పేనింది ఎవరు? మూడో నెలలో వడిసెలలకు తోలు చాలక తేరు తోలుపట్టెలు కూడా కేతినాయకుడు తీసుకున్నప్పుడు, గోగునారతో కొత్తవి పేనింది దోనయే. కొలిచింది దోనయే. అతనెప్పుడూ ఎడమచేతితోనే కొలుస్తాడు, కుడిచేతి చిటికెనవేలు మొండిది గనక. మూడు తాళ్ళు అలాగే కొలిచాడు. నాలుగోది పేనే రోజున శత్రువులు విసిరిన అగ్గికుండ లాయం కప్పు మీద పడింది. ఆర్పబోతే ఎడమచేయి కాలింది. ఆ చేతికి కట్టు కట్టుకొని, పని ఆగకూడదని, లేని అరవేలికి అందాజుగా కలుపుకుంటూ కుడిచేత్తో పన్నెండు జానలు లెక్కపెట్టి కోశాడు. ఒక్కొక్క జానకూ కాస్త కాస్త తరుగు. ఆ సంగతి మర్నాటికే మరిచాడు. పోయిన పున్నములలో రాపిడి మాత్రమే అయినది ఈ పున్నమికి పుండయింది. లోకంలో ప్రతిదాన్నీ అనుమానించాడు గాని, తన చేతిని అనుమానించడం అతనికి తెలియదు.

"నేనే, బాచమ్మా," అన్నాడు నేలమీద కూలబడి. "గుఱ్ఱం కాదు. శకునం కాదు. నేనే."

అదే సమయానికి ఇద్దరు భటులతో నామన ప్రెగ్గడ లాయం వాకిట్లో నిలబడ్డాడు. గుఱ్ఱాలు ఎలా ఉన్నాయో చూచిపోదామని వచ్చాడట. నేలమీద రెండు తాళ్ళు చూచాడు, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. మబ్బు భుజం చూచాడు. దోనయ ముఖం చూచాడు. అంత తెలివైన మనిషికి వేరే చెప్పాలా?

"ఈ సంగతి ఎవరికైనా చెప్పావా సాహిణీ?"

"ఇంకా లేదు ప్రెగ్గడవారూ. ఇప్పుడే..."

"మంచిపని చేశావు." ఆయన దగ్గరికి వచ్చి, దోనయ భుజం మీద చేయి వేశాడు. "నీ మీద నాకు గౌరవం ఉన్నది. నీ బొటనవేలు పోవాలని నేను కోరను. ముప్ఫై ఎనిమిదేళ్ళ పేరు ఒక్క మాటతో మట్టిపాలు కావాలని అసలే కోరను. నీవు ఏ ద్రోహమూ చేయనక్కరలేదు. ఊరక ఉండు, అంతే. ముట్టడి ఎత్తివేస్తారు, నాలుగు వేల మంది గంజి తాగుతారు, నీ భార్య కూడా అందులో ఒకతె. ఒక్క మనిషి పోతాడు. యుద్ధంలో రోజూ పోతూనే ఉన్నారు గదా." తరువాత భటుల వైపు తిరిగాడు. "శకునం చూపిన సామానుతోనే శకునాన్ని పరీక్షించవలె. ఈ లాగుతాళ్ళు నాలుగూ మూటకట్టి నా ముద్ర వేయండి. పదో నాటి ఉదయం తేరు దగ్గరే విప్పుదాము."

వారు పట్టుకుపోయారు. లాయం ముందు ఒక భటుడు మిగిలాడు, సాహిణికి తోడుగా ఉంటాడట. మహారాణి దర్శనం కోరి దోనయ రెండుసార్లు రాజనగరు వాకిలికి వెళ్ళాడు. రెండుసార్లూ ప్రెగ్గడ మనుషులే ఎదురొచ్చి, దేవికి తీరిక లేదన్నారు. కోట చుట్టూ శత్రువులు, కోటలో లాయం, లాయం ముందు కాపలా, అన్నిటికంటే లోపల తన చేతి తప్పు. ఎటు తిరిగినా గోడే.

నిజం చెప్పాలి గనక చెబుతున్నాను, దోనయ భయపడ్డాడు. మూడోసారి నగరుకి వెళ్ళనిది కాపలాకి జడిసి కాదు, బొటనవేలికి జడిసి. పగ్గాలు లేని దోనయ అంటే ఏమిటో అతనికే తెలియదు. అందుకని మరో దారి వెతికాడు. ఎడమచేత్తో సరిగ్గా కొలిచి కొత్త తాళ్ళు పేనాడు. మబ్బు పుండుకి వేపనూనె, పసుపు రాసి, ఱొమ్ముపట్టె కింద దూదిమెత్త పెట్టాడు. గుఱ్ఱాలను దూరంగా కట్టడం మానేసి, ఒకే తొట్టిలో కేతినాయకుని ఉలవలు పోసి రెండింటినీ తల పక్కన తలపెట్టి తిననిచ్చాడు. మొదటిరోజు గోరింట చెవులు పడ్డాయి గాని పళ్ళు రాలేదు. ఎనిమిదో నాటికి చిక్కం లేదు, ఎడకర్ర లేదు, లాయం ఆవరణ చుట్టూ రెండూ తిన్నగా నడిచాయి. మచ్చిక ఇంత బాగా కుదిరింది గనక పొట్టితాడు కట్టినా ఓర్చుకుంటాయేమో అని ఆశపుట్టింది. తను నోరు విప్పే పని ఉండదేమో అని.

తొమ్మిదో నాడు కాపలావాడు అన్నానికి వెళ్ళగానే, బయటితాడును నాలుగు వేళ్ళు ముడివేసి కురచ చేసి తేరు కట్టాడు. ఇరవై రెండో అడుగులో గోరింట కరిచింది.

దోనయ ముడి విప్పి, గోరింట నుదుటి మీద చేయి వేసి చాలాసేపు నిలబడ్డాడు. బాచమ్మ అతని కుడిచేయి తన రెండు చేతుల్లోకి తీసుకొని, వేళ్ళు ఒక్కొక్కటే నిమిరి వదిలేసింది.

పదో నాటి ఉదయం కోటలో నడవగలిగినవారందరూ లోకోట గోడ వెంట బారులు తీరారు. పడమటి వాకిలి దగ్గర గడియలకు ఆముదం పూసి సిద్ధంగా ఉంచారు. కేతినాయకుడు కవచం విప్పేసి తెల్లని బట్టలతో, ఆయుధం లేకుండా ఆ వాకిలి పక్కనే నిలబడ్డాడు. గోడ అవతలినుంచి శత్రువుల భేరీలు వినిపిస్తున్నాయి. మహారాణి తేరు దగ్గరికి వచ్చింది. నామన ప్రెగ్గడ ముద్ర వేసిన మూటను ఎత్తి అందరికీ చూపించి, తన చేతితోనే ముద్ర పగలగొట్టాడు.

"సాహిణీ, కట్టు."

దోనయ మూటలోంచి మబ్బు లాగుతాళ్ళు రెండూ తీశాడు. తేరు వైపు కాక మహారాణి వైపు నడిచాడు. ఆమె పాదాల ముందు బండ మీద రెండింటినీ పక్కపక్కన పరిచి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఏలినవారు చిత్తగించాలి. ఈ తాడు ఆ తాడుకంటే నాలుగు వేళ్ళు తక్కువ. కొలత తప్పింది నేను. ఈ కుడిచేయి." చేయి పైకెత్తి, మొండి చిటికెనవేలు కనబడేలా వేళ్ళు చాచాడు. "కురచతాడు భుజం కోస్తే మబ్బు ఒరిగింది. ఒరిగితే గోరింట నలిగింది. నలిగి కరిచింది. దేవుడు చెప్పిన మాట ఏమీ లేదు ఇందులో. దండనాయకుల తప్పు లేదు, గుఱ్ఱం తప్పూ లేదు. తప్పు నాది."

ప్రెగ్గడ మెల్లగా నవ్వాడు. "శిష్యుని ప్రాణం కాపాడుకోవడానికి ముసలివాడు ఎంత కథ అల్లినాడు దేవీ! తాడును నిన్ననో మొన్ననో కోసి తెచ్చి ఉండును."

"తాడు తమ ముద్ర కిందే ఉంది ప్రెగ్గడవారూ," అన్నాడు దోనయ. "అయిదో నాటినుంచి నా చేయి దానికి తగల్లేదు. ముద్ర వేయించింది తమరు, విప్పింది తమరు, అందరి కళ్ళెదుట. వేయించేముందు ఇవి రెండూ నా వాకిట్లో ఇలాగే పరిచి ఉంటే తమరు చూశారు. ఊరక ఉండు అన్నారు. ఉన్నాను, నాలుగు రోజులు. భయపడి ఉన్నాను. అది కూడా నా తప్పే."

సబ్బలదేవి మంత్రి వైపు తిరిగింది. "చూచితిరా?"

"దేవీ, తాళ్ళ పొట్టిపొడుగులు చూడడం మంత్రి పని కాదు."

"చూచితిరా అని అడిగినాను."

మాట ఎన్నడూ తడబడని ఆ మనిషి కళ్ళు బండ మీది తాళ్ళ మీదికి దిగాయి. మహారాణి దోనయ వైపు చూచింది. "ముందు ఆ తాడే కట్టు. తరువాత సరైనది."

పొట్టితాడు కట్టారు. ఖాళీ తేరు కదిలింది. పద్దెనిమిది అడుగులు లెక్కపెట్టారు జనం. గోరింట పళ్ళు మెరిశాయి, మబ్బు కీచుమంది, ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. దోనయ ఆపి, ఆ తాడు విప్పి, లాయంనుంచి బాచమ్మ తెచ్చిన కొత్తతాళ్ళు కట్టి, దూదిమెత్త సర్ది, గోరింట చెవి దగ్గర ఏదో గొణిగి, గుఱ్ఱాల తలల దగ్గర నిలిచి పగ్గాలు పట్టాడు. మహారాణి తేరెక్కింది.

మొదటి వాకిలి దాటింది. రెండు, మూడు దాటాయి. గుఱ్ఱాలు చెమటకు నిగనిగలాడుతూ ఒకే అడుగు వేస్తున్నాయి. నాలుగు, అయిదు, ఆరు. ఏడవది పడమటి వాకిలి. ఆచారం ప్రకారం అక్కడ తేరు ఒక్క క్షణం నిలవాలి. నిలిచింది. కేతినాయకుడు పది అడుగుల దూరంలో ఉన్నాడు. అప్పుడు గోరింట మెడ వంచింది. మూతి చాచింది. మబ్బు మెడ మీద, సరిగ్గా ఆ పాత గాయం పక్కన, పెదవులు ఆనించింది. వేయిమంది ఊపిరి బిగబట్టారు. దోనయ పగ్గం బిగించలేదు. బిగించాలని వేళ్ళు లాగాయి గాని బిగించలేదు.

గోరింట తన జోడు జూలు కింద దురదపెట్టే చోట పెదవులతో మెల్లగా గోకింది. మబ్బు కళ్ళు సగం మూసింది.

ఆ మీదట లేచిన కేక గోడ అవతల గుడారాల దాకా వినబడిందంటారు. కేతినాయకుడు మాత్రం రెండు చేతులతో ముఖం కప్పుకొని నిలబడిపోయాడు.

కేక అణిగాక మహారాణి తేరు దిగింది, దోనయ పగ్గాలు మడిచి ఆమె పాదాల దగ్గర పెట్టాడు. కుడిచేయి బండ మీద ఆనించాడు. కేతినాయకుడు పరుగున వచ్చి అడ్డుపడ్డాడు. "దేవీ, ఈ శిక్ష రద్దు చేయండి! ఈ చేయి నాకు గుఱ్ఱమెక్కడం నేర్పిన చేయి. కావాలంటే నా వేలు తీసుకోండి!"

మహారాణి ఒక అడుగు వెనక్కి వేసింది. "నా నోట ఆ ఆజ్ఞ రాదు సాహిణీ."

"రావాలి తల్లీ," అన్నాడు దోనయ. "నా కోసం నేడు శాసనం పక్కన పెడితే, తెలిసి దాచినవారు కూడా తమకోసం పక్కన పెట్టమంటారు. ఏమని కాదంటారు?"

అతను మంత్రి వైపు చూడలేదు. తక్కినవారందరూ చూచారు.

ఆ ఉదయం పడమటి వాకిలి తెరుచుకోనే తెరుచుకుంది. ఆముదం పూసిన గడియలు చప్పుడు లేకుండా జారాయి. మహారాణి ఆజ్ఞ మీద బయటికి నడిచింది నామన ప్రెగ్గడ, ఒంటరిగా. కేతినాయకుని కోసం ఎదురుచూస్తున్న మండలేశునికి ఆయన ఎందుకూ పనికిరాలేదు. ఆయన తరువాత ఏమయ్యాడో బొల్లికొండలో ఎవరికీ తెలియదు, తెలుసుకుందామని ఎవరూ ప్రయత్నించలేదు. నెల్లాళ్ళకు మృగశిర వానలకు ఏరు పొంగి పల్లంలోని గుడారాలను ముంచెత్తింది. అదే అదనుగా కేతినాయకుడు వాకిళ్ళు తీయించి మీదపడ్డాడు. రెండు రోజుల్లో ముట్టడి చెదిరిపోయింది.

దోనయ కుడిచేతి గాయం మానడానికి మాత్రం అంతకంటే ఎక్కువ కాలమే పట్టింది. ఆ చేతికి ఇప్పుడు మూడున్నర వేళ్ళు. శాసనం ప్రకారం పగ్గాలు లాయపు మనిషి ఒకడి చేతికి వెళ్ళాయి. కొత్త సాహిణిని చేసేదాకా తేరు సామాను ఎవరి జానతో కొలవాలని మహారాణి అడిగితే, దోనయ తన భార్యను చూపించాడు. ఆ కోటలో లాగుతాళ్ళు ఒక ఆడమనిషి జానతో కొలవడం అదే మొదలు. పున్నమి పున్నమికీ తేరు కదిలినప్పుడు వెనకాల ఇద్దరు ముసలివాళ్ళు నడిచేవారు. బాచమ్మ జనాన్ని చూచేది. దోనయ గుఱ్ఱాల పిర్రలు చూచేవాడు, ఏది ఎటు ఒరుగుతోందోనని.